మిట్టకాలనీ ఎత్తు పన్నెండు మీటర్లు

మంగళవారం పొద్దున ఏడూ పదికి పెంచలనరసయ్య తన సైకిళ్ల దుకాణం తలుపు తీసి, మీటరు గుండీ నొక్కి చూశాడు. ముందురోజు సాయంత్రం సున్నాకు తెచ్చి పెట్టిన మీటరు నాలుగు చూపిస్తోంది. దాని లెక్కన ఉదయగిరి బస్టాండు పక్కన రేకుల కింద ఉన్న ఆ దుకాణం తెల్లారేలోపు నాలుగు మీటర్లు పైకి లేచింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. ఆకాశం వైపు చూశాడు. మబ్బు పట్టి ఉంది. మీటరును మళ్లీ సున్నాకు తెచ్చి, తన సైకిలు హ్యాండిలుకు బిగించి, దుకాణానికి తాళం వేశాడు. అప్పటికే పంచరు పడిన మోటారు సైకిలును తోసుకుంటూ ఒకాయన వస్తున్నాడు.

"ఏంది నరసయ్యా, తీసేది మూసేదానికా?"

"గంటలో వస్తా. మిట్టకాలనీ దాకా పోవాల."

"నిన్న జరిగింది చాల్లేదా?" అన్నాడు ఆయన. ఉదయగిరి చిన్న ఊరు. సోమవారం సాయంత్రం మిట్టకాలనీ ఎక్కుడులో ఏం జరిగిందో రాత్రి భోజనాల లోపలే అందరికీ తెలిసిపోయింది.

ఆ మీటరు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. మాఘమాసంలో ఒక ఆదివారం నెల్లూరు నుంచి గేర్ల సైకిళ్ల మీద దుర్గం చూడ్డానికి వచ్చిన కుర్రాళ్లలో హర్ష అనే అతని బండి గేరు వంగిపోయింది. అది చేయించాలంటే నెల్లూరుకో ఇంకా పైకో పోవాలని వాళ్లు అనుకున్నారు. పెంచలనరసయ్య అరగంట కూర్చుని, రెండు పానాలతో ఆ వంకర తీసి, చక్రం గాలిలో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "పో నాయనా, ఇంటిదాకా ఏం గాదు" అని పంపించాడు. నెల తిరిగాక హర్ష మళ్లీ వచ్చాడు. తను కొత్త మీటరు కొనుక్కున్నానని చెప్పి పాతది ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది ఎత్తు చెబుతుందన్నా. గాలి బరువును పట్టి చూస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కదా, అదీ లెక్క. కానీ మబ్బు పట్టినా గాలి పలచబడుతుంది. అప్పుడు బండి ఉన్నచోటే ఉన్నా ఎత్తు పెరిగినట్టు చూపిస్తుంది. అందుకని బయల్దేరే ముందు సున్నా పెట్టుకోండి. ఇక దూరం సంగతి, చక్రానికి ఈ అయస్కాంతం కట్టామా, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. చక్రం కొలత నేను లోపల పెట్టేశాను. ఎత్తూ దూరమూ తెలిస్తే వాలు ఎంతో అదే చెబుతుంది. నూరు మీటర్లు పోతే ఎన్ని మీటర్లు లేచామో, అదన్నమాట."

గాలి సంగతి పెంచలనరసయ్య శ్రద్ధగా విన్నాడు. అది ఆయనకు కొత్త. చక్రం సంగతి వచ్చేసరికి తల ఊపుతూ అయస్కాంతాన్ని తన సైకిలు చక్రం పుల్లకు బిగించడం మొదలుపెట్టాడు. చక్రం గురించి ఆయనకు ఒకరు చెప్పాల్సింది ఏముంది?

ఆయనకు యాభై రెండేళ్లు. పద్నాలుగో ఏట ఆత్మకూరులో మేనమామ దుకాణంలో పని నేర్చుకున్నాడు. ఉదయగిరి వచ్చి సొంతంగా పెట్టుకున్నాక ఒక కాలంలో గంటకింత అని బాడుగకిచ్చే సైకిళ్లు నలభై దాకా ఉండేవి. ఇప్పుడు ఒకటి మిగిలింది. దాన్ని ఆయనే తొక్కుతాడు. పిల్లల సైకిళ్లు, మోటారు సైకిళ్ల పంచర్లు, ఆదివారం వచ్చే గేర్ల బండ్లు, ఇవి కాక నడవలేనివాళ్లు చేత్తో తిప్పుకుంటూ పోయే మూడు చక్రాల బండ్లు. ఆ చుట్టుపక్కల ఆ బండ్లకు చెయ్యి పెట్టే మనిషి వేరే లేడు. దుత్తలూరు నుంచి ఒకరు, కలిగిరి నుంచి ఒకరు బండిని టెంపోలో వేసుకుని తెచ్చిన రోజులున్నాయి.

మీటరు వచ్చాక ఆయన ఊరంతా కొలిచాడు. పొద్దున ఒక వీధి, సాయంత్రం ఒక వీధి. బస్టాండు నుంచి తాసీల్దారు ఆఫీసుకు పోయే రోడ్డు చదునుగా ఉందని ముప్పై ఏళ్లుగా నమ్మాడు. మీటరు ఆ రోడ్డు పొడవునా వాలు నూటికి రెండు చూపించింది. ఆఫీసు దగ్గర దిగేసరికి చొక్కా ఎందుకు తడిసిపోయేదో అప్పుడర్థమై, పెద్ద ఊరట కలిగింది. అది వయసు కాదు, వాలు.

"ఊరు కొలిచేదానికి నిన్ను పెట్టినారా ఏంది గవర్నమెంటోళ్లు?" అంది భార్య చెంచులక్ష్మి.

"మన వాకిలి ముందర ఎంతో తెలుసునా నీకు? అయిదు."

"తెలుసు. బిందెలు మోసింది నేను."

బజారులో ఆయనకు పర్సెంటు నరసయ్య అని పేరు పడింది. ఆ పేరు ఆయనకు నచ్చింది కూడా.

అట్లా నడుస్తుండగా పోయిన శుక్రవారం శీనమ్మ తన మూడు చక్రాల బండిలో దుకాణం ముందుకు వచ్చి ఆగింది. శీనమ్మకు నలభై దగ్గర పడుతోంది. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయాయి. చేతుల్లో మాత్రం బలం ఉంది. మిట్టకాలనీలో తమ్ముడు అంకారావు ఇంటి పక్క గదిలో ఉంటూ, చేత్తో నడిచే మిషను మీద జాకెట్లు కుడుతుంది. మిట్టకాలనీ పేరుకు తగ్గట్టే మిట్ట మీద ఉంది. అక్కడిదాకా ఎక్కి జాకెట్టు గుడ్డ ఇచ్చిపోయే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అందుకని బజారులో ఒక చీరల అంగడి వాళ్లు తమ అంగడిలో ఒక మూల ఇస్తామంటే ఒప్పుకుంది. వచ్చే గురువారం మిషను పెట్టాలి.

"దిగేది దిగతా అన్నా. సాయంత్రం ఎక్కేదే కష్టం," అంది.

"అంకారావుకు ఆటో ఉండాది గదా?"

"వాడూ అదే అంటా ఉండాడు. నేనే దించతా, నేనే ఎక్కిస్తా అని. వాడికి దుత్తలూరు బేరం తగిలిందనుకో, ఆ అంగట్లో షట్టరు దించినాక నేను మెట్ల మీద కూర్చోవాల."

"దారిన పోయేవాళ్లు ఎవరైనా తోస్తారు."

శీనమ్మ నవ్వింది. "తోసేవాళ్లు మంచోళ్లే అన్నా. తోసి, ఇంటిదాకా వచ్చి, మంచినీళ్లు తాగి, ఇంత కష్టం నీకెందుకమ్మా అని అడిగి పోతారు. ఒకరోజు చెప్తా, రెండ్రోజులు చెప్తా. రోజూ ఎవరికి చెప్పేది? నా అంతట నేను ఎక్కే పని అయితేనే అంగట్లో మిషను పెట్టేది. లేదంటే ఇంట్లోనే కుట్టుకుంటా."

అదీ ఆమె పెట్టిన షరతు. గురువారం లోపల, ఎవరి చెయ్యీ పడకుండా, ఆ మిట్ట ఎక్కాలి.

మూడు చక్రాల బండిలో కూర్చున్నవాళ్ల ముందు చేత్తో తిప్పే పిడి ఉంటుంది. దానికి ఒక పళ్ల చక్రం. అక్కడినుంచి చైను వెనక చక్రానికి ఉన్న పళ్ల చక్రం, అంటే ఫ్రీవీలు, మీదికి పోతుంది. పైన పళ్లు తగ్గి కింద పళ్లు పెరిగితే చెయ్యికి బరువు తగ్గుతుంది, బండి నిదానిస్తుంది. శీనమ్మ బండికి పైన ముప్పై రెండు, కింద పద్దెనిమిది. చదును నేల మీద పోవడానికి చేసిన బండి అది. ఎంత మార్చాలో తెలియాలంటే మిట్ట ఎంతో తెలియాలి. ఇదివరకైతే పెంచలనరసయ్య ఒకటి బిగించి, చూసి, విప్పి, ఇంకోటి బిగించేవాడు. ఇప్పుడు చేతిలో మీటరుంది.

శనివారం మీటరును తన సైకిలు నుంచి విప్పి శీనమ్మ బండికే కట్టాడు. ఎక్కాల్సింది ఆ బండి కాబట్టి దాని మీదే కొలవడం న్యాయం అనుకున్నాడు. ముందు చక్రం పుల్లకు అయస్కాంతం బిగించి, ఆమెను కూర్చోబెట్టి, కాలనీ మొదట్లో సున్నా పెట్టి, తనే వెనక నుంచి తోసుకుంటూ పైదాకా పోయాడు. ఎత్తు పన్నెండు మీటర్లు. దూరం రెండు వందలు. వాలు ఆరు.

"ఆరే," అన్నాడు రొప్పుతూ. "నేను పది అనుకున్నా."

సోమవారం పొద్దున బస్సెక్కి ఆత్మకూరు పోయాడు. అక్కడ సుందరరామయ్య శెట్టి గారి సైకిలు సామాన్ల అంగడి ఆయన చిన్నప్పటి నుంచి ఎరిగినది. శెట్టిగారికి డెబ్బై దాటాయి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ఇరవై రెండు పళ్ల ఫ్రీవీలా? యాడ తొక్కతావురా దాన్ని, దుర్గం మెట్ల మీదనా?" అన్నాడు.

పెంచలనరసయ్య సంగతంతా చెప్పాడు. మీటరు గురించి కాస్త ఎక్కువగానే చెప్పాడు.

"మీ మిట్టకాలనీ నేను చూసినానురా. మా తమ్ముడి వియ్యంకుడి ఇల్లు ఆడనే. ఆరంటే నమ్మేదెట్ట?"

"నేను చెప్పింది కాదు శెట్టిగారూ. మిషను చెప్పింది."

"నా కాటా కూడా మిషనే. పొద్దున్నే వట్టి తట్ట పెట్టి సున్నా చూసి, కిలో రాయి పెట్టి కిలో చూసి, ఆ తర్వాతే బేరం. నువ్వు చూసుకున్నావా?"

"సున్నా పెట్టే ఎక్కినా."

"సున్నా సరే. రాయి?"

మీటరుకు రాయేంది అని నవ్వుకుంటూ పెంచలనరసయ్య ఫ్రీవీలు కాగితంలో చుట్టించుకుని బస్సెక్కాడు. సాయంత్రానికల్లా కింద ఇరవై రెండు, పైన ఇరవై ఎనిమిది పళ్లవి బిగించి, చైను కత్తిరించి కలిపి, బండిని కాలనీ మొదట్లో పెట్టాడు. శీనమ్మ పమిట నడుముకు దోపి పిడి పట్టుకుంది. అంకారావు ఆటో పక్కన నిలబెట్టి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అరుగుల మీద ఆడవాళ్లు, కొళాయి దగ్గర ఉన్నవాళ్లు, అందరూ చూస్తున్నారు.

సగం దాకా బాగానే పోయింది. సగం దాటాక పిడి తిరగడం నిదానించింది. మూడు వంతుల్లో రెండు వంతులు ఎక్కాక ఆగిపోయింది. శీనమ్మ మెడ నరాలు ఉబ్బాయి. బండి ఒక క్షణం నిలబడి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. అంకారావు పరుగెత్తి వీపుతో ఆపాడు.

"నీ పర్సెంటు గాలికి పోను!" అన్నాడు పెంచలనరసయ్యతో. "మా అక్కను చంపతావా? ఆటో ఉండాది, నేనుండా, ఏందన్నా మీకీ పంతాలు?"

శీనమ్మ అరచేతులు చూసుకుంది. తమ్ముడు తోస్తుంటే తల వంచుకుని ఇంటికి పోయింది. పెంచలనరసయ్యకు అంకారావు తిట్టుకంటే అది ఎక్కువ తగిలింది. ఆమె అంత ఊరకే ఉండే మనిషి కాదు.

అందుకే మంగళవారం పొద్దున్నే దుకాణం తెరిచి మూసి, మీటరును తన సైకిలుకు కట్టుకుని మిట్టకాలనీకి పోయాడు. కాలనీ మొదట్లో సున్నా పెట్టాడు. తొక్కలేక మూడుసార్లు నిలబడి మరీ ఎక్కాడు. పైన దిగి మీటరు చూశాడు. ఎత్తు పన్నెండు. శనివారం కూడా పన్నెండే. దూరం నూటయాభైకి కాస్త తక్కువ. వాలు ఎనిమిది.

ఒకే మిట్ట. ఒకే మీటరు. ఒకసారి ఆరు, ఒకసారి ఎనిమిది.

మబ్బు వల్లనేమో అనుకున్నాడు. కానీ మబ్బు తారుమారు చేసేది ఎత్తును. ఎత్తు రెండుసార్లూ ఒకటే వచ్చింది. మారింది దూరం. రోడ్డు శనివారం నుంచి మంగళవారానికి యాభై మీటర్లు కురచ కాదు గదా! శీనమ్మ గది ముందు బండి నిలిపి ఉంది. దాని పెద్ద వెనక చక్రాలు చూశాడు. ముందున్న చిన్న చక్రం చూశాడు. తన సైకిలు చక్రం చూశాడు. చూసి, రోడ్డు అంచున కూర్చున్నాడు.

లోపల నుంచి శీనమ్మ కిటికీలో తల పెట్టింది. "ఏందన్నా, పొద్దున్నే పడినావా?"

"పడలేదుమ్మే. సుద్దముక్క ఉండాదా?"

"గుడ్డలు గీసేదానికి పెట్టుకున్నది ఉండాది."

"టేపు కూడా కిటికీలో నుంచి అందియ్యి."

బండి ముందు చక్రానికి గాలి పోసే వాల్వు నేలకు వచ్చేలా తిప్పి, అక్కడ నేల మీద సుద్దతో గీత గీశాడు. బండిని ముందుకు నెట్టాడు. చక్రం ఒక్క చుట్టు తిరిగి వాల్వు మళ్లీ కిందికి వచ్చినచోట ఇంకో గీత. శీనమ్మ ఇచ్చిన టేపుతో కొలిచాడు. నూట యాభై ఏడు సెంటీమీటర్లు. మీటరులో హర్ష పెట్టిన కొలత రెండు వందల పది. అది పెద్ద సైకిలు చక్రానిది. చిన్న చక్రం చుట్టు తిరిగిన ప్రతిసారీ మీటరు పెద్ద చక్రం తిరిగిందనుకుంది. నూటయాభై మీటర్ల మిట్టను రెండు వందలు చేసి, పన్నెండు మీటర్ల ఎత్తును ఆ పొడవున పరిచి, ఆరు అని చెప్పింది.

ఎత్తును ఆయన రోజూ అనుమానించాడు. దూరాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా చక్రాలు విప్పి బిగించే మనిషి, చక్రం మారిన సంగతే చూసుకోలేదు.

"తప్పు నీ చేతిది కాదు, నాది," అన్నాడు శీనమ్మతో. "ఆరనుకుని చేసినా. అది ఎనిమిది."

శీనమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగింది. "అంటే నిన్న నేను ఎనిమిదిలో మూడింట రెండొంతులు ఎక్కినానా, ఆరుకు చేసిన బండితో?"

"ఎక్కినావు."

"అయితే ఇంకొక వంతే గదా ఉండేది," అంది. మొహంలోకి రంగు తిరిగి వచ్చింది. "రేపు సాయంత్రానికి చెయ్యి. ఎల్లుండే గురువారం."

బుధవారం దుకాణంలో వేరే పని ముట్టుకోలేదు. పంచరు ఆయన రెండోసారి కూడా వచ్చి తిట్టుకుంటూ పోయాడు. పాత సామాన్ల కుప్పలో ఒక పిల్లల సైకిలుది ఇరవై పళ్ల చక్రం దొరికింది. దాన్ని పక్కనున్న వెల్డింగు షాపులో పిడికి అతికించాడు. పైన ఇరవై, కింద ఇరవై రెండు. చెయ్యి ఒక చుట్టు తిప్పితే చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగదు. నత్తలాగా పోతుంది, కానీ పోతుంది. బండి వెనక్కి జారకుండా బ్రేకుకు ఒక కొక్కెం పెట్టాడు. పట్టుకుని లాగి తగిలిస్తే బండి ఉన్నచోట నిలుస్తుంది, చేతులు వదిలి ఊపిరి తీసుకోవచ్చు. దిగేటప్పుడు కోసం రెండో చక్రానికి కూడా కొత్త బ్రేకు రబ్బర్లు వేశాడు.

మధ్యలో ఆత్మకూరుకు ఫోను చేశాడు.

"శెట్టిగారూ, రాయి పెట్టి చూసినా."

"ఎంత తప్పింది?"

"నాలుగో వంతు."

"నా అంగట్లో నాలుగో వంతు తప్పితే తన్ని ఊరి బయట పెడతారురా," అన్నాడు సుందరరామయ్య తృప్తిగా. "ఇరవై రెండుది వెనక్కి తెస్తావా ఏంది?"

"లేదు. అదే కావాల."

గురువారం శీనమ్మ ఎనిమిదిన్నరకు దిగింది. రెండు బ్రేకులూ పట్టుకుని, కొళాయి దగ్గర ఆడవాళ్లతో మాట్లాడుతూ దిగింది. చదును రోడ్డు మీదికి వచ్చాక పెంచలనరసయ్య దుకాణం ముందు ఆగి ఫిర్యాదు చేసింది.

"ఏందన్నా ఈ బండి? నడిచిపోయే ముసలామె నన్ను దాటిపోయింది. నిలబడి కుశలం అడిగి మరీ దాటింది."

"దాటనీ. సాయంత్రం చూసుకుందాం."

"సాయంత్రం నువ్వు రావద్దు. మీటరు కట్టి పంపు, చాలు. నువ్వొస్తే ఊరంతా వస్తాది."

ఆయన చక్రం కొలత నూట యాభై ఏడుకు మార్చిన మీటరును బండికి కట్టాడు. సున్నా పెట్టే గుండీ ఏదో, ఎంతసేపు పట్టిందో చూసే గుండీ ఏదో చూపించాడు. సాయంత్రం ఆరున్నరకు మాట నిలబెట్టుకుందామనే అనుకున్నాడు. నిలబెట్టుకోలేక సైకిలు మీద కాలనీకి పోయి, మొదట్లో ఉన్న బడ్డీకొట్టు వెనక నిలబడ్డాడు. అక్కడ అంకారావు ఆటో అప్పటికే ఉంది.

"నీకు కూడా రావద్దనే చెప్పిందా?" అన్నాడు అంకారావు.

"చెప్పింది."

శీనమ్మ వచ్చింది. ఆగలేదు, ఎటూ చూడలేదు. మిట్ట మొదట్లో మీటరు గుండీ నొక్కి సున్నా పెట్టుకుంది. పిడి తిప్పుతూ మిట్టలోకి ఎక్కింది. అంకారావు ఆటో ఇంజను వేయకుండా దిగి, ఇరవై అడుగుల వెనక నడవసాగాడు. ఆమె మొదటిసారి కొక్కెం తగిలించి ఆగినప్పుడు అతనూ ఆగాడు. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి.

"చేతులు దించరా," అంది శీనమ్మ వెనక్కి తిరక్కుండానే. "కోడిని పట్టుకునేవాడి మాదిరి ఉండావు."

అరుగుల మీద నవ్వులు. అంకారావు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

సోమవారం బండి జారిన చోటు దగ్గర ఆమె ఇంకోసారి ఆగింది. అరచేతులు చీరకు తుడుచుకుంది. కొక్కెం తీసి మళ్లీ తిప్పింది. పిడి నిదానంగా తిరిగింది గానీ ఆగలేదు. తన గది ముందు బండి నిలిపి, మీటరు మీదికి వంగి చూసి, కింద బడ్డీకొట్టు వెనక ఎవరున్నారో తనకు తెలుసన్నట్టు గట్టిగా అరిచింది.

"పన్నెండు మీటర్లు. ఎనిమిది పర్సెంటు. తొమ్మిది నిమిషాలు!"